నల్లదిబ్బ వంటశాల

1వ రోజు

ఈ వంటశాల దినచర్య పుస్తకంలో "ఏమీ వండలేదు" అని రాయడం ఇదే మొదటిసారి. నాకు ముందు ఈ వంటశాలకు పెద్దలుగా ఉన్న నలుగురిలో ఎవరూ ఆ మాట రాయలేదు. మూడేళ్ల కరువులో కూడా ఏదో ఒకటి ఉడికింది. అది నా చేతిరాతలో పడాల్సి వచ్చినందుకు ఒళ్లు మండిపోతోంది.

పొద్దున కొర్రలు కడిగి, కుండలన్నీ వేడి గొట్టం మీద వరుసగా ఎక్కించాను. గంట గడిచినా ఒక్క బుడగ రాలేదు. చెయ్యి పెట్టి చూస్తే గొట్టం చల్లగా ఉంది. పీఠభూమి మీది అద్దాల పొలం నుంచి ఎనభై కిలోమీటర్లు వచ్చే వేడి, దారిలో ఎక్కడో ఆగిపోయింది.

ఇంతలో మద్దిలేటి మామ వచ్చాడు. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి. ఊరి శుద్ధి పెద్ద. నోట్లోకి వెళ్లేదాన్ని తాకే ప్రతి వస్తువూ మూడుసార్లు కడగాలన్నది మా ఊరి నియమం. అది సరిగ్గా జరుగుతోందో లేదో చూడటమే ఆయన పని.

"మూడు కడుగులూ అయినాయా మ్మే సుంకులూ?"

"గొట్టమే సల్లబడిపోతే కడుగులు అడుగుతాండావా మామా?"

"గొట్టం సంగతి పట్నమోల్లు సూసుకుంటారు. కడుగు సంగతి మనది గదా."

మూడు వందల ఇరవై ఆరు మందికి నానబెట్టిన వేరుశనగపప్పు, మేకపాలు పంచాను. సాయంత్రానికి వేడి వస్తుందని అందరికీ చెప్పాను. రాలేదు.

3వ రోజు

రేడియోలో కబురు వచ్చింది. వడగళ్ల వానకు అద్దాల పొలం సగానికి సగం పగిలిపోయిందట. బాగుచేయడానికి ఐదు నెలలు పడుతుందట. ఇరవయ్యో రోజుకల్లా ఊరంతటికీ సరిపడా కాచిన నీళ్లు చూపించలేని ఊళ్లను ఖాళీ చేయించి, జనాన్ని పట్నం మేడల్లో సర్దుతారట. మనుషుల్ని సర్దేది పనిని బట్టి. వంటవాళ్లు ఒక మేడ, దారులు వేసేవాళ్లు ఇంకో మేడ, పొలం పనివాళ్లు మరోటి.

ఆ సర్దుడు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నాకు పదహారేళ్లు వచ్చేదాకా పదకొండేళ్లు పట్నంలో పిల్లల మేడలోనే ఉన్నాను. మా అమ్మది కుట్టుపని, ఆమె వేరే మేడ. ఆదివారం గంటసేపు అద్దానికి అటు ఆమె, ఇటు నేను కూర్చునేవాళ్లం. తెరుచుకునే కిటికీ ఒక్కటి కూడా లేదు. అక్కడి నుంచి బయటపడి ఈ ఊరు చేరినప్పుడే ఇక వెనక్కి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నేను పోను. ఊరినీ పోనివ్వను. ఇది అధికారులు చదివే పుస్తకమని తెలిసే రాస్తున్నాను.

బావినీళ్లు అలాగే తాగేసిన రెండిళ్లవాళ్లు వాంతులతో పడుకున్నారు. ఈ నీటిలో పురుగుంది. కాచకుండా తాగితే మూడో నాటికి జ్వరం వస్తుంది. నిల్వ ఉన్న కాచిన నీళ్లు గుక్కెడేసి పంచుతున్నాను, మిగతాదంతా మేకపాలు, మజ్జిగే.

5వ రోజు

నిప్పు పుట్టించాం! బడిలో ఉన్న వంపు అద్దం ముక్కతో ఎండను ఎండుగడ్డి మీదికి మళ్లించాం. మా ఊళ్లో మద్దిలేటి మామ తప్ప పొయ్యి చూసినవాళ్లు లేరు. మంట లేవగానే ముసలీముతకా అందరూ వెనక్కి దూకారు. నేనూ దూకాను, దాచడం ఎందుకు.

కుండ ఎక్కించాం. మా కుండలన్నీ పీచుతో అచ్చుపోసినవి. ఎంత మరిగే నీళ్లనైనా తట్టుకుంటాయి గానీ మంట తగలగానే అడుగు మెత్తబడి జారిపోయింది. నీళ్లు నిప్పులో పడ్డాయి. ఇనుము, రాగి, ఇత్తడి మా అవ్వల కాలంలోనే పట్నంవాళ్లు ఊడ్చుకుపోయారు. మట్టికుండలు చేద్దామన్నారు. ఎవరికొచ్చు ఆ పని? చేసిన తొమ్మిదీ పగిలాయి.

మంట ఆరిపోయాక చాలాసేపటికి మామ పొయ్యిరాళ్ల మీద చెంబెడు నీళ్లు కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచి ఆయన పంచె తడిసింది. అందరం నవ్వాం. (ఇది తర్వాత అంచున రాసింది: ఆ నవ్వులో నేను చూడాల్సింది చూడలేదు. నలభై ఏళ్లుగా గరిటె పట్టుకుంటున్నాను, నా బుర్ర ఆ రోజు ఎక్కడికి పోయిందో.)

8వ రోజు

నసీమా మధ్యాహ్నం ఒళ్లో రాళ్లు పోసుకుని వంటశాలకు వచ్చింది. మా ఊళ్లో దారులు వేసేది నసీమానే. ఊరి పక్కన నీళ్లు పారే వంక ఒడ్డున గుర్రపు లాడం ఆకారంలో ఒక నల్లదిబ్బ ఉంది. దాన్నిండా పిడికెడంత పగుళ్ల రాళ్లు. దారికి కంకరగా బాగుంటాయని ఏడాది నుంచి అక్కడే తవ్వుతోంది. పూర్వం రాక్షసులు గుగ్గిళ్లు తిని పొట్టు పారేసిన చోటని పిల్లలకు చెబుతుంటారు.

"అక్కా, ఒక ఇచ్చిత్రం సెప్తా ఇను. ఒడ్డున మూడు రకాల రాళ్లుండాయి. దిబ్బలో మాత్తరం ఒకటే రకం, గుట్ట మీది నల్లరాయి. ఎవరో ఏరి మోసుకొచ్చినట్ల. అన్నీ కాలి పగిలినవే. రాళ్ల సందులో బొగ్గు. ఇయ్యాల నడిమధ్యన బండలు తగిలినాయి, పెట్టె మాదిరి."

నేను గరిటె పక్కన పడేసి ఆమె వెంట పరుగెత్తాను. లాడం మధ్యలో నేలలోకి దించిన తొట్టి. అడుగున ఒక బండ, చుట్టూ నిలబెట్టిన బండలు, సందుల్లో బంకమట్టి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. వంకకు పది అడుగుల దూరం. ఎగువన కాలి ఎర్రబడిన నేల.

పండితులైతే ఏం చెప్పేవారో తెలియదు. నాకు మాత్రం ఒక్క చూపు చాలింది. నీళ్లు పోసేది ఇక్కడ, మంట పెట్టేది అక్కడ, పనికిరానిది విసిరేది చుట్టూ. నేను రోజూ నిలబడే చోటు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. వంటమనిషికి వంటిల్లు తెలియదా?

మామ పంచె తడిసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కుండను మంట మీద పెట్టనక్కర్లేదు. రాళ్లను మంటలో పెట్టి, ఆ రాళ్లను నీళ్లలో వేస్తే చాలు. ఎన్ని వేల ఏళ్ల కిందటివాళ్లో, వాళ్లకీ మాలాగే కుండలు లేవు కాబోలు.

నసీమాను గట్టిగా కౌగిలించుకున్నాను. ఆమె మాత్రం ఏడుపుముఖం పెట్టింది.

"సగం దిబ్బ దారికి పోసేసినా గదక్కా."

"పోసింది పోయింది లే. మిగిలింది సాలు."

9వ రోజు

ఈ రోజు రాయడానికి సిగ్గుగా ఉంది.

గుట్ట నుంచి నల్లరాళ్లు రెండు వందలు తెచ్చాం. నియమం ప్రకారం మూడుసార్లు కడిగాం. తాగేనీళ్లలో పడేవి కదా అని మూడో కడుగులో గంటసేపు నానబెట్టాం కూడా. పక్కన నిలబడి నానబెట్టించింది నేనే. తర్వాత సర్కారు తుమ్మ కట్టెలు పేర్చి, తడిరాళ్లను మంటలో వేశాం.

మొదటి రాయి పేలినప్పుడు ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వరుసగా పేలాయి. పెంకులు ఎగిరిపడ్డాయి. నసీమా నుదురు చీలి రక్తం కారింది. ఊరంతా చెల్లాచెదురైంది. నేను నసీమాను ఈడ్చుకుంటూ దిబ్బ వెనక్కి చేరాను.

10వ రోజు

ఊరు కూడింది. నిప్పుతో ఆటలు వద్దని, మూటలు కట్టుకోవడమే మంచిదని చాలామంది అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. పిల్లలు తొమ్మిది మంది జ్వరంతో ఉన్నారు. నేను ఐదు రోజులు అడిగాను. మూడు ఇచ్చారు.

12వ రోజు

నసీమా నన్ను దిబ్బ దగ్గరికి పిలిచింది. నుదుటి మీద కట్టు, చేతిలో పంగల కర్ర. ఎండలో పడి ఉన్న రాయినొకదాన్ని కడగకుండా మంటలో వేసి ఉంచింది.

"ఇది మూడుతూర్లు కాలింది అక్కా. పగల్లేదు. నానబెట్టింది ఒకటి ఏసినా, టప్పున పేలిపాయె. రాయి తప్పు కాదు. లోపల దూరిన నీళ్లది."

ఇంకే ఊరివాళ్లయినా రాయిని ఉన్నదున్నట్టు నిప్పులో వేసేవారు. దానికి స్నానం చేయించి, నానబెట్టి, శుభ్రంగా పేల్చుకున్నది మేమే. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

నేరుగా మామ దగ్గరికి వెళ్లాను. కడగని రాళ్లతో నీళ్లు కాస్తానని చెప్పాను.

"నేను బతికుండగా కానియ్యను," అన్నాడు. "బూడిద, మట్టి, మేకపెంట, అన్నీ ఉంటాయి ఆ రాళ్లకి. పిల్లోల్ల నోట్లోకి పోస్తావా?"

"మరిగినాక ఏముంటాది మామా? నీ నియమం పట్టుకుని కూకుంటే ఊరే ఉండదు. మేడలో కూకోని కడుక్కుందువులే నీ మూడు కడుగులు!"

ఆయన కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. నేను అనకూడని మాటే అన్నాను. ఆయనకు ఏడేళ్లప్పుడు బావిజ్వరంతో ఒకే నెలలో ముప్పై ఎనిమిది మంది పోయారు. అందులో వాళ్లమ్మ, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు. ఆ నియమం పెట్టిన తర్వాత ఈ ఊళ్లో ఆ జ్వరంతో ఒక్కరూ పోలేదు. ఆయన మాట కాదని నీళ్లు కాచినా ఊళ్లో సగం మంది తాగరు. మిగతా సగం తాగినా నాకు మనసు ఒప్పదు.

13వ రోజు

మూడు రోజుల గడువు అయిపోయింది. మూటలు కడుతున్నారు. మామ ఇంట్లో లేడు. వెతకబోతే నల్లదిబ్బ మీద కూర్చుని కనిపించాడు. చేతులతో రాళ్లు కెలుకుతున్నాడు. మజ్జిగ ఇస్తే తాగాడు.

14వ రోజు

పొద్దున్నే మామ వంటశాల ముందు నిలబడి ఊరంతా వినేలా అరిచాడు. "మ్మే సుంకులూ! వాళ్లూ కడిగినోళ్లేనే! బిన్నా రా, బిరబిరా!"

చేతులు మోచేతుల దాకా మట్టి. గోళ్లు విరిగి ఉన్నాయి. దిబ్బ దగ్గరికి లాక్కుపోయి చూపించాడు. ఎగువన మంట పెట్టే చోటు నుంచి తొట్టి దాకా ఏటవాలుగా వేసిన సన్నని బండల కాలువ. నిన్నంతా ఒక్కడే చేతులతో తవ్వి బయటపెట్టాడు. కాలువ పై కొస వంక వైపు తిరిగి ఉంది. మధ్యలో పక్కకు చిన్న గండి ఉంది.

"సూడు. రాయిని పైన కాల్సేది. కాలినాక కర్రతో కాలవలోకి తోసేది. కాలవలో నీళ్లు పారతాంటాయి. రాయి దొర్లేటప్పుడు బూడిదంతా కడుక్కుపోయి ఆ గండిలో బయటికి పోతాది. మన మాదిరి ముందు నానబెట్టి పేల్సుకోల్యా వాళ్లు. కాల్సినంక కడిగినారు."

"మరి మూడు కడుగులు మామా?"

ఆయన ఆ ప్రశ్న కోసమే రాత్రంతా కాచుకుని ఉన్నట్టున్నాడు. వేళ్లు మడిచి చెప్పాడు.

"నిప్పు ఒగటి. నిప్పుకంటే బాగా కడిగేది యాముంది? కాలవ రెండు. మరిగే నీళ్లు మూడు. లెక్క సరిపాయె గదా?"

నేను ఆయన కాళ్లకు దండం పెట్టాను. అది మొన్నటి మాటకు. ఆయన నా నెత్తిన మట్టిచేతితో ఒక్కటి మొట్టి, "కట్టెలు తేపో," అన్నాడు.

15వ రోజు

నీళ్లు మరిగాయి.

ఇంకోసారి రాస్తాను, నా సంతోషం కోసం. నీళ్లు మరిగాయి!

తొట్టిలో ముప్పై బిందెలు పోశాం. ఎగువన పొడిరాళ్లు నాలుగు వందలు, వాటి కిందా పైనా తుమ్మకట్టెలు. రెండు గంటలు మండించాం. రాళ్లు మొదట నల్లబడి, తర్వాత బూడిదరంగుకు వచ్చి, చివరికి ఎర్రగా కనబడ్డాయి. ఒక్కటీ పేలలేదు. అయినా ఊరంతా నూరడుగుల దూరంలో, చాపలు అడ్డం పెట్టుకుని నిలబడింది.

నసీమా పచ్చి పంగల కర్రతో మొదటి రాయిని తోసింది. కాలువలో అది చుయ్యిమంటూ దొర్లింది, బూడిదనీళ్లు గండిలోంచి పోయాయి, రాయి గుభీమని తొట్టిలో పడింది. ఇంకోటి, ఇంకోటి. యాభై రాళ్లు పడేసరికి నీళ్లు పొగలు కక్కాయి. చల్లబడ్డ రాళ్లను వలబుట్టతో ఒకపక్క తోడేస్తూ, ఇంకోపక్క వేడివి వేస్తూ పోయాం. అరగంట అయ్యేసరికి తొట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తెర్లింది. ఆ చప్పుడు విని పదిహేను రోజులైంది. నాకు ఏడుపు ఆగలేదు.

చాపల వెనక ఉన్నవాళ్లంతా ఎప్పుడు దగ్గరికి వచ్చారో తెలియదు. చూసేసరికి అందరూ తొట్టి చుట్టూ ఉన్నారు. చల్లార్చిన మొదటి గ్లాసు మామ తాగాడు. రుచి చూసి, ఆలోచించి, మళ్లీ రుచి చూసి, "కొంచెం పొగవాసన. సస్తామా ఏం?" అన్నాడు. తర్వాత గ్లాసుల కోసం తోపులాట జరిగింది.

17వ రోజు

పొద్దునా సాయంత్రం తొట్టి కాస్తున్నాం, రోజుకు రెండు కాపులు. అందరి తాగునీళ్లకూ సరిపోతున్నాయి. రెండు మూడుసార్లు కాలాక రాయి పగుళ్లిచ్చి ముక్కలవుతుంది. అప్పుడు దాన్ని తీసి దిబ్బ మీదికి విసిరేస్తాం. ఈ దిబ్బ ఎలా పెరిగిందో ఇప్పుడు మా భుజాలకు తెలుసు. నసీమా తను తవ్వేసిన పక్కే చూసి మరీ విసురుతోంది.

ఈ రోజు సాయంకాపులో గోతాల నిండా వేరుశనక్కాయలు కట్టి దించాం. ఉప్పు కూడా వేశాను. వేడివేడి ఉడికిన కాయలు తింటుంటే పెద్దపెద్ద మగవాళ్లు కూడా మాట్లాడకుండా కళ్లు తుడుచుకున్నారు. జ్వరం పిల్లల్లో ఏడుగురు లేచి కూర్చుని ఇంకా కావాలన్నారు. మూటలు కట్టినవాళ్లు విప్పుకున్నారు. ఎవరెవరు కట్టారో నాకు తెలుసు, కానీ పేర్లు రాయను. ఎదురుపడితే మాత్రం ఏడిపిస్తాను.

20వ రోజు

ఉదయం పదింటికి నాలుగు లారీలు ఖాళీగా వచ్చాయి. ముందు లారీలోంచి తనిఖీ అధికారి వారిజగారు దిగారు. ముప్పై అయిదేళ్లుంటాయి. ముఖం పీక్కుపోయి ఉంది. చేతిలో మా మూడు వందల ఇరవై ఆరు మంది పేర్లూ, ఎవరు ఏ మేడకో రాసిన కాగితాలు ఉన్నాయి.

"కాచిన నీళ్లు చూపించండి," అన్నారు. లేవన్న జవాబు వింటానని ముందే అనుకున్న గొంతు అది.

"సూపించేదేముందమ్మా, మీ ముందరే కాస్తాం. రాండి," అన్నాను.

మంట చూసి ఆవిడ ఆగిపోయారు. మేం ఎవరమూ ఆగలేదు. ఇన్ని రోజుల్లో చేతులు తిరిగాయి. నసీమా తోస్తుంది, ఇద్దరు కాలువలో నీళ్లు పోస్తారు, నలుగురు రాళ్లు తోడతారు, మామ గండి దగ్గర కూర్చుని బూడిద సరిగ్గా పోతోందో లేదో చూస్తాడు. అరగంటలో తొట్టి తెర్లింది. వారిజగారు ఉష్ణమాపకం ముంచారు. చదివారు. తుడిచి మళ్లీ ముంచారు. చల్లార్చిన నీళ్లను సీసాలో పోసి, మందుచుక్క వేసి, రంగు మారుతుందేమోనని ఎండకేసి చూశారు. రంగు మారలేదు.

"ఈ రాళ్లను కడిగారా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే మామ లేచాడు. "మూడుతూర్లు!" అని, వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. ఆవిడ చివరిదాకా విన్నారు. తర్వాత మా కాగితాలన్నిటినీ అడ్డంగా కొట్టేసి, కింద సంతకం పెట్టారు.

ఊరు ఒక్కసారిగా కేకలు పెట్టింది. వారిజగారు మాత్రం తొట్టి గట్టు మీద కూలబడి, ఇంకో గ్లాసు అడిగారు.

"ఈ గొట్టం మీద ఇంకా పదకొండు ఊళ్లున్నాయి," అన్నారు. "నిన్న మూడు చూశాను. ఒక్కదానిలోనూ కాచిన నీళ్లు లేవు. రేపటి నుంచి వాళ్లను లారీలు ఎక్కించాలి. నేర్పేవాళ్లు ఉంటే ఒక్కో ఊరికి పదిరోజుల గడువు ఇచ్చే అధికారం నాకుంది. మీలో ఎవరైనా వస్తారా?"

అందరం ఒక అడుగు వెనక్కి వేశాం. లారీ అంటేనే మాకు అంత భయం. అప్పుడు ఈ ఊరి పొలిమేర ఎన్నడూ దాటని మామ, కర్ర పట్టుకుని ముందు లారీ దగ్గరికి నడిచాడు. మెట్టు అందలేదు. డ్రైవరు చెయ్యిచ్చాడు.

"ఆ ఊళ్లోల్లు రాళ్లు కడిగి పేల్సుకుంటారో ఏమో," అన్నాడు సీట్లో సర్దుకుంటూ. "నేను పోకుంటే ఎట్ల?"

నసీమా రెండో లారీలోకి నల్లరాళ్లు ఎత్తడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా లారీ పేరెత్తితే ఏడ్చినవాళ్లు వరుసకట్టి రాళ్లు అందించారు. తర్వాత వాళ్లే ఎక్కారు. లెక్కపెట్టాను, ఇరవై ఇద్దరు. ఒక్కరినీ ఎవరూ ఎక్కించలేదు.

బండ్లు కదిలాయి. మామ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"తొట్టికి మూత ఏసినావా మ్మే?"

"ఏసినాలే మామా! నువ్వు పో, పదకొండు ఊళ్లూ మరిగించిరా పో!" అని గొంతు చిరిగేలా అరిచాను. నా కేకకు ఊరంతా గొంతు కలిపింది. లారీలు వంక దాటి, గుట్ట మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అలా అరుస్తూనే ఉన్నాం.